ఫ్రాంక్లిన్ నోటులో లింకన్ బొమ్మ

2009లో మా అమ్మాయి పుట్టినప్పుడు సాయానికని అమ్మ మొదటిసారి అమెరికా వచ్చింది. ఆవకాయ, కంది పొడి, పసిపిల్లకి కాటుక, ఇవన్నీ సూట్‌కేసులో వేసుకుని, చేతిసంచీలో మాత్రం ఒక చిన్న పర్సు పెట్టుకుని వచ్చింది. అందులో అయిదు వంద డాలర్ల నోట్లు. బెజవాడలో ఎవరో మనీ చేంజర్ దగ్గర, నాన్న పెన్షన్ డబ్బులోంచి మిగిల్చి కొన్నవి. "బారసాల నాటికి మనవరాలికి నా డబ్బుతోనే గొలుసు కొనాలి. నువ్వు ఒక్క డాలరు కూడా వెయ్యకూడదు" అని ముందే షరతు పెట్టింది.

మా ఊరికి గంట దూరంలో మనవాళ్ళ కొట్లున్న వీధి ఒకటుంది. అక్కడ నగల కొట్లో గొలుసు కుదిరింది. కొట్టాయన గల్లాపెట్టె పక్కనుంచి ఒక పెన్ను తీసి అయిదు నోట్ల మీదా తలో గీతా గీశాడు. అన్ని గీతలూ లేత పసుపు రంగులో వచ్చాయి. అంటే మంచి నోట్లేనని లెక్క. గొలుసు డబ్బాలో పెట్టబోతూ, అలవాటు కొద్దీ కాబోలు, ఒక్కొక్క నోటూ ట్యూబ్‌లైటు కేసి ఎత్తి చూశాడు. నాలుగో నోటు దగ్గర ఆగాడు. రెండోసారి చూశాడు. దాన్ని అమ్మకి కాకుండా నా చేతికిచ్చి, "ఇది నేను తీసుకోలేనండీ" అన్నాడు.

నేనూ ఎత్తి చూశాను. నోటు మీద అచ్చయిన బొమ్మ బెంజమిన్ ఫ్రాంక్లిన్‌దే. కానీ కాగితం లోపల, కుడి పక్క ఖాళీలో నీడలా కనిపించే ముఖానికి గడ్డం ఉంది. ఫ్రాంక్లిన్‌కి గడ్డం లేదు. ఆ గడ్డం అబ్రహాం లింకన్‌ది. లింకన్ ఉండవలసింది 5 డాలర్ల నోటు మీద.

"ఏరా, చెల్లదా?" అంది అమ్మ.

అప్పటికి నేను ఈ దేశం వచ్చి ఆరేళ్ళు. రోజూ డాలర్లలో జీతం తీసుకుంటూ, డాలర్లలో లెక్కలు వేసుకుంటూ, ఒక్కసారయినా ఒక నోటుని వెలుగుకెత్తి చూసిన పాపాన పోలేదు. ఇండియాలో ఉండగా వంద రూపాయల నోటుని అలా చూడకుండా తీసుకునేవాళ్ళం కాదు. ఊరు దాటగానే ఆ జాగ్రత్త ఎందుకు పోయిందో తెలియదు. ఆ తరవాత మాత్రం దీని మీద కాస్త చదివాను. సెలవులకి ఏ దేశం వెళ్ళినా అక్కడి నోట్లు తిప్పి తిప్పి చూడడం నాకొక జబ్బులా పట్టుకుంది. మా పిల్లలు నవ్వుతారు. ఆ జబ్బు వల్ల తెలిసిన సంగతులే ఇవి.

ముందు ఆ పెన్ను ఎందుకు మోసపోయిందో చెప్తాను. హైస్కూల్లో బంగాళాదుంప ముక్క మీద అయోడిన్ చుక్క వేసి అది నీలంగా మారడం చూశాం కదా, ఈ పెన్నులో ఉన్నదీ అదే. మామూలు కాగితం చెక్క గుజ్జుతో చేస్తారు, అందులో గంజి కలుపుతారు. అయోడిన్ తగిలితే నల్లబడుతుంది. డాలరు నోటు కాగితంలో చెక్క గుజ్జు లేదు. 75 శాతం పత్తి, 25 శాతం నార. గంజి ఉండదు కనుక గీత పసుపుగానే ఉంటుంది. అంటే ఆ పెన్ను "ఇది మంచి నోటా?" అని అడగడం లేదు, "ఇందులో గంజి ఉందా?" అని మాత్రమే అడుగుతోంది. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన చొక్కా జేబులో ఉండిపోతే నిఖార్సయిన నోటు మీద కూడా నల్లగీత పడవచ్చు. మా వృత్తిలో ఇలాంటివి రోజూ చూస్తూంటాం. టెస్టు పాసవుతుంది, ప్రోగ్రాం మాత్రం తప్పు. తప్పు ప్రశ్నకి ఒప్పు జవాబు వచ్చిందన్నమాట.

అమ్మ నోటు చేసినవాడు కాగితం తయారు చెయ్యలేదు. ఆ కాగితం మసాచుసెట్స్ రాష్ట్రంలో డాల్టన్ అనే చిన్న ఊళ్ళో క్రేన్ కంపెనీ 1879 నుంచి ప్రభుత్వానికి చేసిపెడుతున్నది. బయట దొరకదు. అందుకని వాడు నిజమైన 5 డాలర్ల నోటు తీసుకుని, రసాయనంతో సిరా కడిగేసి, ఆ తెల్లకాగితం మీద వంద అచ్చు వేశాడు. జీన్సు జేబులో మరిచిపోయిన నోటు వాషింగ్ మెషీన్లోంచి చెక్కుచెదరకుండా బయటికి రావడం మనందరికీ అనుభవమే. గుడ్డలాంటి కాగితం కనుక తట్టుకుంటుంది. ఆ గుణమే దొంగకి పనికొచ్చింది. పైగా డాలరు నోట్లన్నీ ఒకే కొలత. రూపాయల్లోనూ యూరోల్లోనూ లాగా విలువని బట్టి సైజు మారితే ఈ కిటుకు పారదు.

అచ్చు కడిగినా కాగితం లోపల ఉన్నవి పోవు. వాటర్‌మార్క్ పోదు, దానిలో దూర్చిన సన్నటి ప్లాస్టిక్ దారం పోదు. అమ్మ నోటులో ఆ దారం మీద ఉన్న అక్షరాలు "యు.ఎస్.ఎ. ఫైవ్". నిజమైన వంద నోటులో "యు.ఎస్.ఎ. 100" అని ఉంటుంది. అతినీలలోహిత దీపం కింద పెడితే వంద నోటు దారం గులాబిరంగులో మెరుస్తుంది, అయిదు నోటుది నీలం, పదిది నారింజ, ఇరవైది ఆకుపచ్చ, యాభైది పసుపు. ఈ కడిగే దొంగతనం పెరిగిందనే 2008లో 5 డాలర్ల నోటుని మార్చారు. లింకన్ నీడబొమ్మ తీసేసి పెద్ద 5 అంకె పెట్టారు, దారం స్థానం కూడా మార్చారు. ముఖాలయితే జనం పోల్చుకోలేరు, అంకె పోల్చుకుంటారు కదా. కాని పాత అయిదు నోట్లు అప్పటికే ప్రపంచమంతా తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి బెజవాడ దాకా వెళ్ళి, వందగా అవతారమెత్తి, అమ్మ పర్సులో కూర్చుని తిరిగి అమెరికా వచ్చింది.

2013 అక్టోబరు 8న కొత్త వంద నోటు వచ్చాక మనలాంటివాళ్ళ పని చాలా తేలికయింది. ఆ నోటులో ఫ్రాంక్లిన్ పక్కన నిలువుగా నీలం పట్టీ ఒకటుంది. అది అచ్చు వేసింది కాదు, కాగితంలో నేసింది. పట్టీలో చిన్న చిన్న గంటలు, 100 అంకెలు ఉంటాయి. నోటుని ముందుకీ వెనక్కీ వంచితే అవి అటూ ఇటూ జరుగుతాయి, పక్కలకి వంచితే పైకీ కిందకీ జరుగుతాయి. పట్టీ పక్కనే రాగిరంగు సిరాబుడ్డి, దానిలో గంట. నోటు వంచితే గంట రాగిరంగులోంచి ఆకుపచ్చకి మారుతుంది. కుడి పక్క కింద ఉన్న 100 అంకె కూడా అంతే. వెలుగుకెత్తితే కుడి వైపు ఖాళీలో ఫ్రాంక్లిన్ నీడ కనిపించాలి. గోటితో ఫ్రాంక్లిన్ భుజం మీద గీస్తే గరుకుగా తగలాలి. ఇంట్లో ఒక మంచి నోటు పెట్టుకుని రెండు నిముషాలు ఇవన్నీ చేసి చూడండి. చదివి గుర్తుపెట్టుకోవడం కంటే వేళ్ళకి నేర్పడం మంచిది.

ఇండియాలో డాలర్లు కొంటున్న అమ్మానాన్నలకి ఫోనులో చెప్పవలసింది ఒక్కటే: "నీలం పట్టీ ఉన్న నోట్లే అడగండి." పాత డిజైను నోట్లు చెల్లవని కాదు. అమెరికా ప్రభుత్వం లెక్కలో పాతవన్నీ చెల్లుతాయి. కాని వాటికి పట్టీ లేదు కనుక దొంగలకి అవే సులువు. 1990కి ముందు డిజైనులో దారమే లేదు, 1996కి ముందు దానిలో నీడబొమ్మ లేదు. అందుకే చాలా దేశాల్లో మనీ చేంజర్లు పాత నోటు చూస్తే మొహం చిట్లిస్తారు, లేకపోతే రేటు తగ్గిస్తారు. మనం పెద్దవాళ్ళకి ఇండియాలో ఖర్చులకని ఇచ్చి పంపే వందలు కూడా కొత్తవయితే వాళ్ళకి ఆ అవమానం తప్పుతుంది.

పెన్నులూ నీడలూ అన్నీ దాటిపోయే దొంగనోట్లు లేవా అంటే, ఉన్నాయి. 1989లో మనీలాలో ఒక బ్యాంకులో బయటపడిన వంద డాలర్ల నోట్లు ఎంత బాగా చేశారంటే వాటికి "సూపర్ డాలర్" అని పేరొచ్చింది. ఉత్తర కొరియా చేయించిందని అమెరికా ఆరోపణ. అలాంటిది వస్తే మనమేమీ చెయ్యలేం, దాని గురించి నిద్ర పాడుచేసుకోనక్కరలేదు. మన చేతికొచ్చేవి చాలా వరకు చవకబారు సరుకే. కొన్నిటి మీద "మోషన్ పిక్చర్ యూజ్ ఓన్లీ" అని స్పష్టంగా రాసి ఉంటుంది, సినిమా షూటింగులకి చేసినవి. ఇండియాలో 2017 ఫిబ్రవరిలో ఢిల్లీలో ఒక ఎ.టి.ఎం.లోంచి "చిల్డ్రన్ బ్యాంక్ ఆఫ్ ఇండియా" అని అచ్చేసిన రెండు వేల నోట్లు వచ్చాయి. చదివితే తెలిసిపోయే మోసాలివి. మనం చదవం, అంతే.

యూరప్ వెళ్ళేవాళ్ళకి యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు వాళ్ళు మూడు మాటల్లో చెప్తారు: తాకండి, చూడండి, వంచండి. తాకితే కుడి ఎడమ అంచుల్లో గీతలు వేలికి ఉబ్బుగా తగలాలి. వెలుగుకెత్తితే గ్రీకు పురాణాల్లోని యూరోపా ముఖం నీడగా కనిపించాలి. 20, అంతకు పైన నోట్లయితే వెండిపట్టీ పైభాగంలో చిన్న కిటికీ ఉంటుంది, వెలుగుకెత్తితే ఆ కిటికీలోనూ యూరోపా కనిపిస్తుంది. వంచితే ఎడమపక్క కింద ఉన్న అంకె ఆకుపచ్చ నుంచి ముదురు నీలానికి మారుతూ, దాని మీద ఒక వెలుగుచార పైకీ కిందకీ కదలాలి. ఇదంతా 2013 నుంచి 2019 వరకూ ఒక్కొక్కటిగా విడుదలయిన రెండో వరస నోట్ల సంగతి. 2002 నాటి మొదటి వరస కూడా చెల్లుతుంది కాని కొత్తది అడగడంలో తప్పు లేదు.

యూరో నోటు నంబరులో మాలాంటివాళ్ళకి ముచ్చట గొలిపే సంగతొకటుంది. అక్షరాలని అంకెలుగా మార్చి కూడి 9తో భాగిస్తే ఎప్పుడూ ఒకే శేషం రావాలి. అది తెలిసిన రోజున నేను పర్సులో ఉన్న నోట్లన్నీ లెక్క కట్టాను. మా ఆవిడ "నంబరు సరిపోతే నోటు మంచిదేనా?" అంది. కాదు. దొంగ ఒక నిజమైన నోటు నంబరునే కాపీ కొడతాడు, లెక్క చక్కగా సరిపోతుంది. దానికంటే పనికొచ్చే పరీక్ష ఇంకోటుంది: ఒకరి దగ్గర తీసుకున్న రెండు నోట్లకి ఒకే నంబరుంటే కనీసం ఒకటి దొంగది, సామాన్యంగా రెండూ దొంగవే. ఏ దేశపు నోటుకయినా ఇది వర్తిస్తుంది. కలర్ జిరాక్సు తీయబోతే కొన్ని యంత్రాలు మొరాయిస్తాయని వినే ఉంటారు. నోట్ల మీద చిన్న చిన్న సున్నాల గుంపు ఒకటి అచ్చువేస్తారు, యంత్రం దాన్ని పసిగడుతుంది. కేంబ్రిడ్జిలో మార్కుస్ కూన్ అనే పరిశోధకుడు 2002లో దీన్ని కనిపెట్టి, ఒరయన్ నక్షత్రాల గుంపులా ఉందని "యూరయన్" అని పేరు పెట్టాడు.

ఇంగ్లండులో సమస్య వేరు. అక్కడ చేతిలో పడేది దొంగనోటు కాకపోవచ్చు, చచ్చిపోయిన నోటు కావచ్చు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2016లో 5 పౌండ్లతో మొదలుపెట్టి 2021లో 50 దాకా అన్నిటినీ ప్లాస్టిక్కుకి మార్చింది. కాగితం 20, 50 నోట్లకి 2022 సెప్టెంబరు 30తో కాలం చెల్లింది. ఇప్పుడు కాగితపు పౌండు నోటు కొట్టువాడు తీసుకోడు. మా ఇంట్లో చిల్లర డబ్బాలో ఎప్పుడో లండన్ ఎయిర్‌పోర్టులో మిగిలిన అలాంటి ఇరవై నోటొకటి దొరికింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మాత్రం తన పాత నోట్లని ఎన్నాళ్ళకయినా మార్చి ఇస్తుంది కనుక పారెయ్యకండి. 2024 జూన్ నుంచి చార్లెస్ రాజు బొమ్మ నోట్లు వస్తున్నాయి. రాణి బొమ్మవీ చెల్లుతాయి. ప్లాస్టిక్ నోటు కిటికీలోంచి అవతలి మనిషి కనిపించాలి. ఇరవై నోటు వంచితే రేకు బొమ్మలో ట్వెంటీ, పౌండ్స్ అన్న మాటలు మారుతూ ఉండాలి. ఇంకో మాట, స్కాట్లండులో మూడు బ్యాంకులు సొంతంగా నోట్లు వేస్తాయి. అవి చూసి దొంగవని గొడవపడకండి. నేను పడ్డాను.

మెక్సికోలో, ముఖ్యంగా కాంకూన్ వెళ్ళే మనవాళ్ళు, జాగ్రత్తపడవలసింది దొంగనోటు కంటే నోటు మార్పిడి గురించి. 2018లో వచ్చిన 500 పేసోల నోటు నీలం, దాని మీద బెనితో హ్వారెజ్ బొమ్మ. పాత 20 పేసోల నోటూ నీలమే, దాని మీదా హ్వారెజే. రాత్రిపూట టాక్సీలో మీరు అయిదు వందలిస్తే, డ్రైవరు వెనక్కి తిరిగి "ఇరవై ఇచ్చారేమిటి?" అంటే మీకు మీ మీదే అనుమానం వస్తుంది. ఇరవై ప్లాస్టిక్కు, పొట్టిది. అయిదు వందలు కాగితం, పొడుగుది. ఇస్తున్నప్పుడు "ఐదు వందలు" అని పైకి అనండి, వాళ్ళ భాషలో "కినియెంతోస్". అర్జెంటీనాలో బ్యూనోస్ ఐరెస్ టాక్సీల్లో పేరుపడిన కిటుకు దీనికి అన్న. మీరిచ్చిన మంచినోటుని చూసి "ఇది దొంగనోటు సార్" అని తిరిగి ఇస్తాడు. తిరిగి ఇచ్చేది మీది కాదు, వాడి దొంగనోటు. పెద్దనోటు ఇచ్చే ముందు చివరి మూడు అంకెలు చూసి పెట్టుకుంటే ఈ ఆట కట్టు. దొంగనోట్లు వెలుతురున్న చోట, తీరిగ్గా ఉన్నప్పుడు చేతులు మారవు. చీకట్లో, సామాను దింపుకునే తొందరలో, పిల్లలు ఏడుస్తూండగా, వీధిలో "మంచి రేటు" అన్నవాడి దగ్గర మారతాయి. అందుకే నేను ఎక్కడికి వెళ్ళినా బ్యాంకు ఆవరణలోని ఎ.టి.ఎం.లోనే స్థానిక డబ్బు తీసుకుంటాను.

ఇక మన రూపాయి. మనకి కాదు గాని, ఇక్కడ పుట్టిన మన పిల్లలకి అది విదేశీ నోటే. సెలవులకి వెళ్ళినప్పుడు తాతగారిచ్చిన అయిదు వందలు పట్టుకుని బజారుకెళ్తారు, ఏ చిల్లరయినా కళ్ళు మూసుకుని తీసుకుంటారు. 500 నోటు మీద దారం వంచితే ఆకుపచ్చ నుంచి నీలానికి మారాలి. కుడి పక్క కింద రూపాయి గుర్తుతో ఉన్న 500 కూడా అలాగే మారాలి. నంబరులో అంకెలు ఎడమ నుంచి కుడికి చిన్నవి పెద్దవవుతూ రావాలి. చూపు లేనివారి కోసం రెండు అంచుల్లోనూ అయిదేసి గీతలు ఉబ్బుగా ఉంటాయి. వెనకపక్క ఎర్రకోట, ఎడమవైపు 15 భాషల పట్టిక. కింద నుంచి రెండోది తెలుగు. మా పిల్లల చేత ముందుగా ఆ లైను చదివిస్తాను. దొంగనోటు పట్టుకోవడానికి కాదులెండి, మరో ఆశతో. రెండు వేల నోటుని 2023 మేలో చలామణీలోంచి తీసేశారు. ఎవరయినా ఇస్తే పుచ్చుకోకండి. 2016 నవంబరు 8న రద్దయిన పాత అయిదు వందలు, వెయ్యి నోట్లు సూట్‌కేసుల అరల్లో ఇంకా దొరుకుతూనే ఉంటాయి. మనలాంటివాళ్ళకి ఇచ్చిన గడువు కూడా 2017 జూన్ 30తో పోయింది.

ఇంత చూసినా ఒకటి చేతిలో పడిందనుకోండి. అమెరికాలో అయితే బ్యాంకుకో పోలీసులకో సీక్రెట్ సర్వీసుకో ఇవ్వాలి. అధ్యక్షుడి అంగరక్షకులుగా మనం సినిమాల్లో చూసే ఆ సీక్రెట్ సర్వీసు 1865లో పుట్టింది దొంగనోట్లు పట్టుకోవడానికే. ఇండియాలో బ్యాంకువాళ్ళు దాని మీద దొంగనోటని ముద్రవేసి ఉంచేసుకుంటారు, మనకి రసీదిస్తారు. నోటు తిరిగి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఎక్కడయినా సరే, డబ్బు మాత్రం తిరిగి రాదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. తెలియక తీసుకోవడం నేరం కాదు. తెలిశాక మోసంతో ఇంకొకరికి ఇవ్వడం అమెరికాలో 20 ఏళ్ళ దాకా జైలుశిక్ష పడగల నేరం. నిజాయితీగా అప్పగించినవాడికి నూరు డాలర్లు నష్టం, పక్కవాడికి అంటగట్టినవాడికి ఏమీ నష్టం లేదు. ఏ దేశంలోనూ దీనికి విరుగుడు కనిపెట్టినట్టు లేదు.

ఆ రోజు అమ్మ, మొదట ఎంచుకున్న గొలుసు పక్కన పెట్టి, 400కి వచ్చే సన్నది తీసుకుంది. మిగతాది నేనేస్తానంటే ఒప్పుకోలేదు. కారులో ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. మిత్రుడొకడికి చెప్తే, "పెన్ను పరీక్ష పాసవుతోందంటున్నావు కదా, రాత్రిపూట గ్యాస్ స్టేషన్లో ఇచ్చెయ్" అన్నాడు. నవ్వాను గాని, ఆ నోటు ఎనిమిది రోజులు నా పర్సులోనే ఉంది.

ఎనిమిదో రోజు రాత్రి గ్యాస్ పోయించుకుని లోపలికెళ్ళాను. కౌంటరు దగ్గర ఇరవై రెండేళ్ళ కుర్రాడు. గల్లా పక్కన అదే పెన్ను. నా పేరు కార్డు మీద ఇంకా చూడకుండానే, యాస పట్టుకుని, "తెలుగువాళ్ళా అన్నా?" అన్నాడు. నేను చదువుకునే రోజుల్లో కెఫెటేరియాలో గల్లా దగ్గర కూర్చునేవాణ్ణి. ఒక శుక్రవారం లెక్కలో 20 డాలర్లు తక్కువొస్తే ఆ వారం జీతంలో కోశారు. అప్పటికే పర్సులోంచి ఆ నోటు సగం బయటికి తీసి ఉన్నాను. లోపలికి తోసి కార్డు ఇచ్చాను.

మర్నాడు బ్యాంకులో అప్పగించాను. ఎవరిచ్చారు, ఎప్పుడు, ఎక్కడ అని ఒక కాగితం నింపించుకుని పంపేశారు. అమ్మకి మాత్రం మార్చి ఇచ్చారని చెప్పి నా దగ్గరున్న వంద ఇచ్చాను. ఆవిడ దాన్ని తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళి, ఎండకెత్తి, చాలాసేపు చూసింది. "ఈయనకి గడ్డం లేదు" అని పర్సులో పెట్టుకుంది.

2023లో మళ్ళీ వచ్చేముందు డాలర్లు కొనడానికి వెళ్ళినప్పుడు పక్కనే మా తమ్ముడున్నాడు. వాడు చెప్పాడు. కౌంటరులో అబ్బాయి, "అన్నీ కొత్త నోట్లే మామ్మగారూ, నీలం పట్టీవి" అన్నాడట. "సరే బాబూ, నువ్వు కాస్త ఆ లైటుకి అడ్డం తప్పుకో" అందట అమ్మ.